మైకు ముందు పాడని పాట

గొంతులో గడ్డ ఉందని డాక్టరు చెప్పిన రోజు నేను ఏడవలేదు. మా తమ్ముడు మైకు కొందామన్న రోజు ఏడ్చాను. గడ్డంటే ఏదో ఒకటి చేస్తారు, కోస్తారు, మందులిస్తారు, అది వాళ్ళ తలనొప్పి అనుకున్నాను. మైకు మాట రాగానే అర్థమైంది, నా గొంతు పోతుందని మా ఇంట్లో వాళ్ళు నాకంటే ముందే అనుకున్నారని.

డాక్టరు మంచివాడే. థైరాయిడ్ గడ్డ పెరుగుతోంది, తీసెయ్యాలి, మరీ ఆలస్యం చేయొద్దు, అలాగని రేపే పరుగెత్తాల్సిన పని లేదు అన్నాడు. గొంతును ఆడించే నరం ఆ గడ్డ వెనకనుంచే పోతుందట. దానికి దెబ్బ తగలకుండా చూస్తామన్నాడు. ఆ "చూస్తాం" అనే మాట విన్నాక తమ్ముడు బెంగళూరు నుంచి చింతామణి దాకా కారులో నోరు విప్పలేదు. ఇల్లు చేరాక, కాళ్ళు కూడా కడుక్కోకుండా గడపలోనే నిలబడి అన్నాడు.

"అక్కా, ఆపరేషన్ అయ్యే లోపల ఒగ మంచి మైకు కొందాం. నీ పాటలు పెట్టుకుందాం."

"పెట్టుకోనీకి అవేమన్నా ఊరగాయలా?" అన్నాను. అనేసి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను.

నేను చింతామణిలో ఒక ప్రైవేటు ప్రౌఢశాలలో, అంటే హైస్కూల్లో, కన్నడ టీచరును. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మా సరిహద్దు పక్క అందరి బతుకూ అంతే, ఏ భాషలో కోప్పడుతున్నామో మాకే తెలియదు. పాడటం నా ఉద్యోగం కాదు. కానీ ఊర్లో నాకున్న పేరంతా దానివల్లే. కన్నడ రాజ్యోత్సవానికి, పదవ తరగతి వీడ్కోలుకు, ఎవరి గృహప్రవేశానికైనా "ఆ పాడే మేడమ్మును పిలవండప్పా" అంటారు. తమ్ముడు బాగేపల్లిలో అంగళ్ళకు, ఇళ్ళకు సీసీ కెమెరాలు బిగిస్తాడు. ఇంజనీరింగ్ కాలేజీకి పంపిస్తే వాడు అక్కడ శ్రద్ధగా నేర్చుకుని వచ్చింది గిటారు ఒక్కటే. అమ్మ, మా మరదలు వాడి దగ్గరే ఉంటారు. నేను కన్నడ భావగీతాలు పాడితే వాడు పక్కన గిటారు వాయించేవాడు. ఏ వేదిక మీదైనా మేమిద్దరమే.

మైకు కొనడమంటే అంగడికి పోయి "ఒక మైకు ఇవ్వప్పా" అని అడగడమే అనుకున్నాను. తమ్ముడు ఫోనులో వీడియోలు చూసి చూసి కళ్ళు ఎర్రబడి వచ్చాడు. మైకుల్లో రెండు జాతులున్నాయన్నాడు. ఒకదాన్ని కండెన్సర్ అంటారు, దానికి కరెంటు కావాలి, చీమ తుమ్మినా వినిపించుకుంటుంది. రెండోదాన్ని డైనమిక్ అంటారు, దాని చర్మం మందం, నోరు దగ్గరికి తెచ్చి పాడితేనే అందుకుంటుంది. అర్థమైందన్నాను. మొదటిది మా అమ్మ లాంటిది, గోడ అవతల గుసగుసలు కూడా వింటుంది. రెండోది మా ఆయన లాంటిది, మీదికి పోయి చెప్తే తప్ప తలెత్తడు. మా ఆయన అక్కడే కూర్చుని వేరుశనగ రేట్లు చూసుకుంటున్నాడు. వినలేదు.

స్టూడియోల్లో వాడేది కండెన్సరే అని ముందు దాన్నే తెప్పించాం. మా ముందు గదిలో నిలబెట్టి ఒక చరణం పాడాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే నా గొంతు ఉంది, దానితోపాటు మా వీధంతా ఉంది. ఫ్యానుంది, కుక్కరు కూతలున్నాయి, నీళ్ళ మోటారుంది, టొమాటోలు అమ్మే బండివాడి స్పీకరుంది. పల్లవి చివర నేను ఎంతో సన్నగా దించిన స్వరం మీద వాడు కిలో ధర చెప్తున్నాడు. బాగేపల్లిలో తమ్ముడి ఇంట్లోనైనా బాగుంటుందేమో అని పోయాం. వాడి ఇల్లు హైవేకి దగ్గర. అక్కడ లారీ గేరు మార్చే చప్పుడు నా సంగతుల కంటే స్పష్టంగా వచ్చింది. ఎక్కడో దూరంగా పేరేసంద్రలో హారన్ కొడితే ఇక్కడ పడుతోందేమో అని తమ్ముడు నవ్వబోయి మానేశాడు. నాకు మైకు మీద కోపమొచ్చింది. ఉన్నది ఉన్నట్టు వినడం తప్ప అది చేసిన తప్పేముంది? కానీ అప్పుడు నాకు ప్రతిదాని మీదా కోపంగానే ఉండేది.

మైకు కంటే ముందు గది వెతుక్కోవాలని అప్పుడు తెలిసింది. ఆ గది మా ఆయన వాళ్ళ ఊరు జంగమకోటెలో దొరికింది. మా మామగారు పట్టుపురుగులు పెంచిన గది అది. బోరు ఎండిపోయి, మల్బరీ తోట మోడైపోయాక దాన్ని పట్టించుకున్న వాళ్ళు లేరు. మందమైన మట్టి గోడలు, తక్కువ ఎత్తు కప్పు, చిన్న కిటికీలకు సన్నని వల. గోడలకు వరసగా పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికలు ఆనించి ఉన్నాయి. ఒక మూల రాగుల బస్తాలు. తమ్ముడు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు కొట్టినచోటే ఆగిపోయింది.

"ఇంత మంచి గది బెంగళూర్లో కూడా దొరకదక్కా. ఇన్ని రోజులు ఈడ పెట్టుకొని ఊరంతా తిరిగినాము" అన్నాడు.

ఆ గదిలో ఒకప్పుడు తలకు వాసన నూనె రాసుకుని అడుగుపెట్టనిచ్చేవారు కాదు. పురుగులు చచ్చిపోతాయని. నేను కొత్తకోడలిగా పౌడరు రాసుకుని వచ్చి తిట్లు తిన్న గది. ఇప్పుడు అందులో నా గొంతు దాచుకోవడానికి వచ్చాను. ఆ మాట పైకి అనలేదు, అంటే తమ్ముడు మళ్ళీ మాట్లాడడం మానేస్తాడు.

మిగిలిన సామాను ఒక్కొక్కటిగా వచ్చింది. మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె కొనేటప్పుడు ఇద్దరం పోట్లాడుకున్నాం. ఒక్క మైకు తగిలించే పెట్టె చాలు కదా అన్నాను నేను. రెండు మైకులది కావాలన్నాడు వాడు.

"నీ గొంతు ఒగ దారిలో రావల్ల, గిటారు ఒగ దారిలో రావల్ల అక్కా. రెండూ కలిసిపోతే మళ్ళ ఇడదీయనీకి కాదు. రేపు నీ గొంతొగటే కావాలంటే?"

రేపు అన్నాక వాడే తల దించుకున్నాడు. నేను సరే అన్నాను. రెండు దారుల పెట్టే కొన్నాం. చెవులను పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్లు తీసుకున్నాం, వాటిలోంచి చప్పుడు బయటికి కారి మైకులో పడకూడదట. "ప" అన్నా "బ" అన్నా గాలి పోయి మైకును కొడుతుందని ఎంబ్రాయిడరీ చట్రానికి నా పాత నైలాన్ చీర ముక్క బిగించి అడ్డం పెట్టాడు. నేను ఎప్పుడూ ఒకేసారి, వాడు వాయిస్తుంటే పాడేదాన్ని. ముందు గిటారు, తర్వాత గొంతు అని వేరువేరుగా చేస్తే నాకు ప్రాణం రాదు. అందుకని మందం చర్మం మైకు కూడా ఒకటి తెచ్చి నా నోటి దగ్గర పెట్టి, చీమ తుమ్మును వినేదాన్ని గిటారుకు ఇచ్చాం. దాన్ని గిటారు రంధ్రానికి ఎదురుగా పెడితే గుమ్మటం మోగినట్టు మోగింది. మెడ వచ్చి బుర్రకు కలిసే చోటికి కొంచెం వాలుగా తిప్పితే తీగల మీద వేళ్ళ రాపిడి కూడా ముద్దుగా పడింది. ఒక జానెడు ఇటు జరిపి వినడం, జానెడు అటు జరిపి వినడం, ఇదే పని. ఇంత చాదస్తం పెళ్ళిచూపుల్లో కూడా చేయలేదు వీడు అనుకున్నాను.

ఆదివారాలు అక్కడికి పోయేవాళ్ళం. వాడు గిటారు వీపుకు తగిలించుకుని బండి మీద చిక్కబళ్ళాపురం మీదుగా వచ్చేవాడు, నేను చింతామణి నుంచి బస్సులో. పాడుతున్నంతసేపు బాగానే ఉండేది. పాడింది వినేటప్పుడే కష్టం. చెవుల్లో నా గొంతు నాకంత దగ్గరగా ఎప్పుడూ వినిపించలేదు. పైస్థాయికి పోయేటప్పుడు అంచు దగ్గర చిన్న జీర. గడ్డ అప్పటికే పని మొదలుపెట్టిందని నాకు తెలిసిపోయింది, వాడికీ తెలిసింది. "ఇంగొకసారి పాడు అక్కా, బ్యాటరీ ఏదో తేడా కొట్టింది" అనేవాడు. ఆ పెట్టెకు బ్యాటరీ లేదు.

అలా నాకు పేరు తెచ్చిన కన్నడ పాటలన్నీ ఒక్కొక్కటే ఎక్కించాం. ఒక్క పాట మిగిలింది. దాని సంగతి చెప్పాలి.

మా పుట్టింటివాళ్ళు గుడి సేవ చేసుకుని బతికినవాళ్ళు. మగవాళ్ళకు మంత్రాలు ఎట్లా వచ్చేవో ఆడవాళ్ళకు పాటలు అట్లా వచ్చేవి. అందులో ఒక ఉయ్యాల పాటుంది. తెలుగు పాట. మా ఇంట్లో పుట్టిన బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసేటప్పుడు ఆ బిడ్డ మేనత్త పాడాలి. ఇంటి కోడళ్ళకు అది రాదు, వాళ్ళకు నేర్పరు కూడా. మేనత్త నుంచి మేనకోడలికి, ఆమె నుంచి ఆమె మేనకోడలికి. మా మేనత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ నాకు నేర్పింది. మాటలు నాలుగు చరణాలే. కష్టమంతా మలుపులో ఉంది. ప్రతి చరణం చివర స్వరం కిందికి దిగబోయి దిగకుండా, అక్కడక్కడే ఊగి, బిడ్డ ఒంటి మీద దుప్పటి సర్దినట్టు మెల్లగా వాలుతుంది. ఆ ఒక్క మలుపు కోసం ఆమె నాతో పడరాని పాట్లు పడింది. "గొంతుతో కాదే, నడుముతో పాడు, బిడ్డ నీ సంకలో ఉండాదనుకో" అనేది. ఆమె పోయాక ఆ పాట వచ్చిన మనిషి భూమ్మీద నేనొక్కదాన్నే. స్వరాలు రాసి పెట్టడం నాకు రాదు. విని నేర్చుకున్నదాన్ని, విని నేర్పడమే తెలుసు.

అప్పుడు మా మరదలు కడుపుతో ఉంది. ముందు నా ఆపరేషన్, ఆ తర్వాతే ఆమె కాన్పు. అంతకుముందు ఒకసారి బిడ్డ నిలిచి, నెలలు నిండకుండానే పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వడం నేను చూడలేదు.

ఒక ఆదివారం తమ్ముడు అమ్మను కూడా జంగమకోటెకు తీసుకొచ్చాడు. ఊరికే చూస్తుందని. ఒక పాట అయ్యాక వాడు తీగలు సవరించుకుంటూ, ఏమీ కానట్టు అన్నాడు.

"అక్కా, అత్త పాట కూడా ఒగసారి పాడేయి. ఇంగ అదే ఉండేది."

రాగుల బస్తా మీద కూర్చున్న అమ్మ లేచి నిలబడింది.

"పాడకూడదప్పా."

"ఏంటికమ్మా? ఊరికే మిషన్లో పెట్టుకుంటాము."

"పుట్టని బిడ్డకు లాలి పాడతారా యాడన్నా? ఉత్త ఉయ్యాల ఊపుతారా? ఇంట్లో కడుపుతో ఉండే మనిషిని పెట్టుకొని ఆ పాట నోట్లోకి తేకూడదు."

"ఆపరేషన్ ముందుండాదమ్మా" అన్నాను నేను. "తర్వాత నాకు గొంతు ఉండకపోతే?"

"ఉంటాది."

"ఉండకపోతే?"

అమ్మ నా వైపు చూసింది. ఆమెకు కోపం లేదు. కోపముంటే బాగుండేది, నేను తిరిగి కోప్పడేదాన్ని. "ఒగ బిడ్డను పూడ్చినాము తల్లీ" అంది, అంతే. ఎదురుచెప్పడానికి నా దగ్గర ఎన్నో మాటలున్నాయి. బడిలో పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించేదాన్ని నేనే. అవన్నీ ఆ గదిలో చప్పట్ల చప్పుడులాగే కొట్టినచోటే ఆగిపోయాయి.

మరదలిని అడుగుదామని బాగేపల్లికి పోయాను. ఆమె చదువుకున్న పిల్ల, చిక్కబళ్ళాపురంలో లెక్కలు చెప్పేది. ఆమె ఒప్పుకుంటే అమ్మ మాట దాటొచ్చు అనుకున్నాను. సంగతంతా విని ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నాకు అట్లాంటివేం నమ్మకాల్లేవు వదినా. మీరు పాడుకోండి" అంది. అంటూ రెండు చేతులూ కడుపు మీద అడ్డం పెట్టుకుంది. తను అలా పెట్టుకున్నట్టు తనకే తెలియదు. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఆపరేషన్‌కు ముందు ఆఖరి ఆదివారం. చివరి పాట అయిపోయింది. ఇంక సామాను సర్దుకోవాలి. తమ్ముడు గిటారు పెట్టెలో పెట్టి, నా ముందున్న మైకును మాత్రం కదిలించలేదు. కంప్యూటరు కట్టేయలేదు. చెప్పులు వేసుకుంటూ, నా ముఖం చూడకుండా అన్నాడు.

"నేను బస్టాండు దాకా పోయి టీ తెస్తా అక్కా. నిదానంగా వస్తా. అది నడస్తాంటాది, నేనేం ఆపలా."

బండి స్టార్టు చేసుకుని పోయాడు. తలుపు దగ్గరికి వేసి పోయాడు. నాకు వాడి ఎత్తు అర్థమైంది. వాడు చూడలేదు, వినలేదు, అడగలేదు. అమ్మకు ఏ తప్పూ చేయలేదు. పాడాలా వద్దా అనేది ఇక నా ఇష్టం.

మైకు ముందు నిలబడ్డాను. స్క్రీన్ మీద గీత కదులుతూ పోతోంది. మొదటి మాట నాలుక మీదికి వచ్చింది. నోరు తెరిచాను కూడా. అప్పుడు నాకు గుర్తొచ్చింది పోయిన బిడ్డ. దాన్ని నేను చూశాను, ఆసుపత్రిలో తెల్లగుడ్డలో పెట్టి నా చేతికే ఇచ్చారు, మా తమ్ముడి చేతికివ్వడానికి ఎవరికీ ధైర్యం చాలక. అరచేతంత ముఖం. నేనిప్పుడు ఈ పాట పాడి, రేపు మళ్ళీ అట్లాంటిదేమన్నా జరిగితే? పాటకూ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ మా మరదలు నన్ను చూసే చూపు ఎట్లా ఉంటుంది? నా తమ్ముడి చూపు? అసలు నన్ను నేను ఎట్లా చూసుకుంటాను? ఒక పాటకు ఒక బిడ్డను పందెం కట్టే ధైర్యం నాకు లేదు. కిటికీ వలకు అవతల పిచుకలు అరుస్తున్నాయి. పాడకుండా అట్లాగే నిలబడి ఏడ్చాను.

వాడు వచ్చి టీ గ్లాసు నా చేతికిచ్చి, స్క్రీన్ వైపు వంగి చూశాడు. పాడి ఉంటే గీత పైకీ కిందికీ లేచి ఉండేది. అది బల్లపరుపుగా ఉంది. రికార్డింగు ఆపేసి, మైకు తీగలు చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ చెడ్డది కాదన్నారు, అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. నేను కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాను. అడిగానని నాకు తెలిసింది, ఎవరికీ వినపడలేదు. నరం అలసిపోయి ఉంటుంది, మెల్లగా తేరుకుంటుంది అన్నారు. గొంతుకు వ్యాయామాలు నేర్పారు. గోడకు చేతులానించి "ఆ" అనమన్నారు, అన్నాను. కొన్ని నెలలకు మాట వచ్చింది, బొంగురుగా, సగం గాలితో. స్వరం రాలేదు. ఒక మెట్టు మీద నిలబడదు, నిలబెట్టబోతే దగ్గొస్తుంది. బడిలో నడుముకు చిన్న స్పీకరు కట్టుకుని పాఠం చెప్తున్నాను. పిల్లలు మంచివాళ్ళు, నవ్వరు. నవ్వినా బాగుండు అనిపిస్తుంది ఒక్కోసారి.

ఈలోపల బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడుపు వీధి చివరకు వినిపించేంత ఆరోగ్యంగా పుట్టింది. దాన్ని చేతుల్లోకి తీసుకున్నప్పుడు, నిజం చెప్తున్నాను, పాట గుర్తే రాలేదు. ఆ రోజుకు అది చాలు.

ఉయ్యాలలో వేసే రోజు దగ్గరపడ్డాక అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. "మాటలన్నా చెప్పు తల్లీ, కోడలు పాడతాది. ఇంగేం చేస్తాము, ఆ దేవుడే మన్నిస్తాడు" అంది. కోడళ్ళకు నేర్పని పాటను కోడలికే నేర్పమని అడగడానికి ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. నేను ఆమెను ఒక్క మాట అనలేదు. అనడానికి ఏముంది? బిడ్డ బతికింది. ఆమె భయపడినదానికి ఫలితం మరదలి ఒళ్ళో పడుకుని పాలు తాగుతోంది.

మాటలు రాసిచ్చాను. రాగం కోసం తమ్ముడు గిటారు తీసుకుని నా ముందు కూర్చున్నాడు. నేను గాలి గొంతుతో చరణం చెప్తాను, చేత్తో పైకి, కిందికి చూపిస్తాను. వాడు వేళ్ళతో వెతుకుతాడు. వాడి చెవి మంచిది. పల్లవి చాలావరకు దొరికింది. మలుపు దగ్గర చిక్కింది. గిటారు మెడ మీద ఇత్తడి మెట్లుంటాయి, స్వరం ఈ మెట్టు మీదనైనా ఉండాలి, ఆ మెట్టు మీదనైనా ఉండాలి. మా అత్త మలుపు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఊగుతుంది. తీగను పక్కకు లాగి కూడా చూశాడు.

"ఇదా అక్కా?"

కాదని తలూపాను.

"ఇంగొంచెం కిందికా? ఇదా?"

కాదు. నేను పాడి చూపించబోయాను. గాలి వచ్చింది, దగ్గు వచ్చింది. నా లోపల ఆ మలుపు ఎంత స్పష్టంగా మోగుతోందో చెప్పలేను. అత్త గొంతుతో సహా, బియ్యం చేటలో పడే చప్పుడుతో సహా. అది నా పెదాల దాకా వచ్చి గాలి అయిపోతోంది. మరదలు బిడ్డను భుజాన వేసుకుని పక్కనే నిలబడి, ఆశగా చూస్తోంది. తమ్ముడి వేళ్ళ చివర్లు ఎర్రగా కందిపోయాయి.

"ఇదా?" అన్నాడు మళ్ళీ.

అది కాదు. దాని దగ్గర్లో ఉంది, అంతే. నేను అవునని తలూపాను.

వాడు కళ్ళు తుడుచుకుని, అది మరిచిపోకముందే అని మళ్ళీ మళ్ళీ వాయించాడు. మరదలు నేర్చుకుంది. లేత గొంతు, తాళం తప్పదు. ఉయ్యాల రోజు మేము అంత ఏరి కోరి కొన్న రెండు మైకులూ బాగేపల్లి ఇంటి నడవలో నిలబెట్టారు. ఆ పూట కిటికీలన్నీ దుప్పట్లతో మూసి, లారీల చప్పుడు రాకుండా తమ్ముడు నానా తంటాలు పడ్డాడు. మరదలు పాడింది. వాడు వాయించాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. మా అమ్మ కూడా, "అచ్చం మీ అత్త పాడినట్టే ఉండాది" అంది. ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు ఆ పాట ఎప్పుడూ సరిగ్గా తెలియదు.

"వదినా, సరిగ్గా వచ్చిందా?" అని అడిగింది మరదలు.

"శానా బాగ పాడినావమ్మా" అన్నాను.

రికార్డింగు ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. ఒక్క చప్పుడు లేదు, గొంతు వేరుగా, గిటారు వేరుగా, ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. బంధువులందరి ఫోన్లలోనూ అదే ఉంది. ఇక ముందు మా ఇంటి ఉయ్యాల పాట అంటే అదే.

బిడ్డ ఇప్పుడు గలగలా మాట్లాడుతోంది. రోజూ అది వింటూ పడుకుంటుంది కదా, పాటంతా వచ్చేసింది. గొంతు మా వైపుది, మా అత్తది, నాది. పైస్థాయికి పోయినా ఎక్కడా జీర లేదు. పోయిన నెల బాగేపల్లికి వెళ్ళినప్పుడు పరుగెత్తుకొచ్చి నా ఒళ్ళో కూర్చుంది. పాడమంది. నేను తల అడ్డంగా ఊపాను. నా ముఖం రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నీకు ఈ పాట రాదా అత్తా? నేను నేర్పిస్తా, నువ్వు నా మాదిరి చెప్పు."

ఒక్కో మాట పాడి, నేను అనేదాకా ఆగుతుంది. తప్పు పలికితే కోప్పడుతుంది. మలుపు దగ్గర వేలు పైకెత్తి, ఇట్ల కాదు, ఇట్ల, అని మళ్ళీ పాడి చూపిస్తుంది. దానికి కోపం రాకూడదని, అది పాడినట్టే నేర్చుకుంటున్నాను.